స్వీడన్ సైన్యం: 30 ఏళ్ళలో మూడుసార్లు మారిన పని. ఏం విప్పారు, ఏం మళ్ళీ కడుతున్నారు?

పటాలపుస్తకం #1

2024 మార్చి 7న స్వీడన్ నాటోలో 32వ సభ్యదేశంగా చేరింది. "200 ఏళ్ళ తటస్థత ముగిసింది" అన్న ఒక్క వాక్యంతో చాలామంది దాన్ని చదివి పక్కన పెట్టేశారు. అసలు కథ ఆ వాక్యంలో లేదు. 1990 నుంచి ఆ దేశపు సైన్యం చేయాల్సిన పనే మూడుసార్లు మారింది. మొదట్లో దండయాత్ర వస్తే దేశమంతా లేచి అడ్డుకోవాలి. తర్వాత అఫ్ఘానిస్థాన్, మాలి లాంటి దూరదేశాలకు చిన్న దళాలు పంపాలి. 2014 తర్వాత మళ్ళీ సొంత గడ్డను కాయాలి. ఇప్పుడేమో పొరుగు దేశాల గడ్డను కూడా కాయాలి.

ఒక్కో మార్పుకి ఏం విప్పారు, ఏం కట్టారు, ఎక్కడ ఇరుక్కున్నారు అన్నది తెలిసినవాళ్ళు వివరంగా రాస్తారని ఈ చర్చ తెరుస్తున్నాను. ముందుగా పాత లెక్క చెబుతాను, తర్వాతివన్నీ దానితో పోల్చి చూడాలి కాబట్టి.

నిర్బంధ సైనిక సేవ అక్కడ 1901 నుంచి ఉంది. 1980లలో పూర్తి సమీకరణకు పిలుపిస్తే సుమారు 8 లక్షల మంది తమ స్థానాలకు చేరాలి. అప్పటి జనాభా 83 లక్షలు. అంటే దాదాపు ప్రతి పదో మనిషికీ యుద్ధకాలంలో ఒక చోటు, ఒక పని రాసిపెట్టి ఉన్నాయి. స్టాక్‌హోమ్‌కి దక్షిణాన ముస్కో అనే చోట కొండను తొలిచి 1950 నుంచి 1969 వరకు, 19 ఏళ్ళపాటు నౌకాస్థావరం కట్టారు. తీసిన రాయి 15 లక్షల ఘనపు మీటర్లు. తీరం పొడవునా రాతిలో పాతిన ఫిరంగులు ఉండేవి. ఆహారం, ఇంధనం, మందుల నిల్వలు వేరుగా ఉండేవి. సైన్యం, పౌర వ్యవస్థ కలిసి ఒకే యంత్రంలా పనిచేయాలన్నది వాళ్ళ లెక్క. దాన్నే వాళ్ళు సంపూర్ణ రక్షణ అంటారు.

రన్‌వే_17 #2

పటాలపుస్తకం గారూ, ఆ యంత్రం ఎలా పనిచేసేదో వైమానిక దళం ఉదాహరణతో చెబుతాను. తర్వాత ఏం పోయిందో కూడా అక్కడే బాగా కనబడుతుంది.

1967 ఆరు రోజుల యుద్ధంలో ఇజ్రాయెల్ దాడికి ఈజిప్టు విమానాలు ఎగరకుండానే నేలమీదే కాలిపోయాయి. స్వీడన్ అంతకుముందే విమానాల్ని చెల్లాచెదురుగా ఉంచే పద్ధతిలో ఉంది. ఆ యుద్ధం చూశాక మరింత ముందుకు వెళ్ళి బాస్ 90 అనే ఏర్పాటు చేసింది. ప్రధాన రన్‌వే చుట్టుపక్కల కొన్ని కిలోమీటర్ల పరిధిలో చిన్న రన్‌వేలు, బలపరిచిన రోడ్డు ముక్కలు ఉంటాయి. ఒక్కోటి సుమారు 800 మీటర్ల పొడవు, 17 మీటర్ల వెడల్పు. విమానం ఒకచోట దిగి, రోడ్డు మీదే ఇంకోచోటికి వెళ్ళి, అడవిలో చెట్ల కింద ఇంధనం పట్టుకుని, మరోచోట నుంచి లేస్తుంది. గ్రిపెన్ అనే తమ యుద్ధ విమానాన్ని ఈ కొలతలకే రూపొందించారు. దిగగానే ముందున్న చిన్న రెక్కలు కిందికి వాలి గాలిని అడ్డుకుంటాయి, దానితో పరుగు దూరం తగ్గుతుంది.

అసలు కీలకం నేలమీది జట్టు. ఒక టెక్నీషియన్, ఐదుగురు నిర్బంధ సేవ కుర్రాళ్ళు కలిసి 10 నిమిషాల్లో గ్రిపెన్‌కి ఇంధనం నింపి, గగనతల పోరాటానికి క్షిపణులు తగిలించి మళ్ళీ పంపాలి. పాడయ్యే చోట్లు కూడా చెప్పాలి. రోడ్డు మీద గులకరాయి ఒక్కటి ఇంజిన్‌లోకి పీల్చుకున్నా ఫ్యాన్ రేకులు దెబ్బతింటాయి, అందుకని విమానం దిగేముందు రోడ్డంతా ఊడ్చే వాహనం తిరగాలి. చలికాలంలో మంచు తీసే వాహనం కూడా కావాలి. సూచిక బోర్డులు, దారి పక్క కంచెలు ఊడదీసేలా ఉండాలి. ఇవి ఏటా చూసుకునే నాథుడు లేకపోతే ఆ ఏర్పాటు పటంలో గీతగానే మిగులుతుంది.

2000ల నాటికి రోడ్డు స్థావరాల పోషణకు డబ్బు ఆపేశారు. 2010లో నిర్బంధ సేవ ఆగిపోవడంతో ఆ ఐదుగురు కుర్రాళ్ళు కూడా పోయారు. విమానం మాత్రం అదే. దాని చుట్టూ ఉన్నదే కరిగిపోయింది.

లెక్కలగది #3

కోత ఎలా పడిందో చూద్దాం. 1990లో రక్షణ ఖర్చు జాతీయోత్పత్తిలో 2 శాతం పైనే ఉంది. 2010ల మధ్యకి 1 శాతం దగ్గరికి దిగింది. ఈ తగ్గుదల సమానంగా జరగలేదు. 2000లో, 2004లో పార్లమెంటు తీసుకున్న రెండు రక్షణ నిర్ణయాలే ప్రధానమైన గొడ్డలి దెబ్బలు. తీర ఫిరంగి దళాన్ని 2000లో ఎత్తేసి, చిన్న పడవల మీద తిరిగే ఉభయచర దళంగా మార్చారు. లారీల మీది నౌకా విధ్వంసక క్షిపణి దళాన్ని కూడా అప్పుడే ఎత్తేశారు. 2004 నిర్ణయంతో గోట్లాండ్ ద్వీపంలోని పీ18 రెజిమెంట్‌తో సహా చాలా రెజిమెంట్లు మూతపడ్డాయి. ముస్కో కొండ స్థావరం ప్రధాన నౌకాస్థావరం హోదా పోగొట్టుకుంది.

ఒక రెజిమెంట్ మూస్తే ఏమేం పోతాయో విడివిడిగా చూడాలి. మనుషులు వేరే ఉద్యోగాలకు వెళ్ళిపోతారు. బ్యారక్‌లు కాలేజీకో, అపార్ట్‌మెంట్లకో అమ్ముడవుతాయి. కాల్పుల మైదానానికి శబ్దం, సీసం కాలుష్యం మీద ఉన్న పర్యావరణ అనుమతి రద్దవుతుంది. ఈ మూడోదాన్ని అందరూ మర్చిపోతారు. తుపాకులు కొనుక్కోవచ్చు. ఏడాదికి ఎన్ని గుళ్ళు, ఏ వేళల్లో కాల్చవచ్చో చెప్పే అనుమతి మళ్ళీ తెచ్చుకోవాలంటే కొత్త విచారణ, చుట్టుపక్కల కొత్తగా వచ్చిన ఇళ్ళ అభ్యంతరాలు, కోర్టులు. ఏళ్ళు పడుతుంది.

కొత్తచూపు #4

ఒక్క ప్రశ్న. అప్పట్లో రష్యా బలహీనంగా ఉంది కదా. సోవియట్ యూనియనే లేదు. 8 లక్షల మందిని పోషించడం వృథా అని అనుకోవడంలో తప్పేముంది? ఇప్పుడు వెనక్కి చూసి తిట్టడం తేలిక.

బాల్టిక్‌గాలి #5

కొత్తచూపు గారూ, మీ ప్రశ్న న్యాయమైనదే. తగ్గించడం తప్పు కాదు. మళ్ళీ పెంచుకోడానికి విత్తనం మిగల్చకపోవడం తప్పు. 8 లక్షల నుంచి లక్షకి దిగినా, శిక్షణ ఇచ్చే వాళ్ళు, స్థలాలు, చట్టం బతికుంటే చాలు. ఫిన్లాండ్ ఆ దారినే పట్టింది. దళాల్ని తగ్గించుకుంది కానీ నిర్బంధ సేవను ఒక్క ఏడాది కూడా ఆపలేదు. పక్కపక్క దేశాలు, ఒకే సముద్రం, ఒకే ముప్పు. ఎంచుకున్న దారి మాత్రం వేరు.

దూరదేశాలదళం #6

బాల్టిక్‌గాలి గారితో సగం ఏకీభవిస్తాను. కానీ మధ్యలో గడిచిన విదేశీ దళాల కాలాన్ని పూర్తి నష్టంగా రాయకండి.

ఆ కాలంలో సైన్యం చేసిన పని: 2002 నుంచి 2021 వరకు అఫ్ఘానిస్థాన్, ముఖ్యంగా ఉత్తరాన మజార్-ఎ-షరీఫ్. 2008, 2011, 2015లలో ఐరోపా సమాఖ్య కోసం నార్డిక్ పోరాట దళానికి నాయకత్వం (ఆ దళాన్ని ఎప్పుడూ వాడలేదు, అది వేరే సంగతి). 2014 తర్వాత మాలిలో ఐక్యరాజ్యసమితి తరఫున టింబక్టూలో నిఘా దళం. 2011లో లిబియా మీదికి ఎనిమిది గ్రిపెన్లు. 1960ల తొలినాళ్ళలో కాంగోకి వెళ్ళిన తర్వాత స్వీడన్ యుద్ధ విమానాలు అలా వెళ్ళడం అదే మొదటిసారి.

లిబియా అనుభవం ఎంత ఉపయోగపడిందంటే, ఆ విమానాలు సిసిలీలోని సిగొనెల్లాలో దిగిన తొలిరోజుల్లో ఎగరలేకపోయాయి. అక్కడ అమెరికా నౌకాదళం వాడే జేపీ-5 ఇంధనం ఉంది. గ్రిపెన్‌కి మామూలు జెట్ ఇంధనంలో స్థిర విద్యుత్తును తగ్గించే మందు కలిపి వాడతారు, ఆ ఇంధనంలో అది లేదు. సరైన ఇంధనాన్ని తెప్పించుకోవాల్సి వచ్చింది. నాటో సభ్యదేశం కాదు కాబట్టి రహస్య సమాచార జాలాల్లోకి ప్రవేశం కూడా తేలిగ్గా దొరకలేదు. గూఢలిపి తాళాలు లేని విమానం ఆకాశంలో ఉన్నా మిగతావాళ్ళు చూసేది దానికి కనబడదు.

ఇలాంటి లోపాలు కాగితం మీది విన్యాసాల్లో తెలియవు. 2022లో సభ్యత్వానికి దరఖాస్తు పెట్టేనాటికి స్వీడన్ దళాలు నాటో పద్ధతులు, రేడియో భాష, ఆదేశ పత్రాల తీరు అన్నీ వాడుతూ ఉన్నాయంటే ఆ 20 ఏళ్ళే కారణం. 1994 నుంచి నాటోతో శాంతి భాగస్వామ్యం, 1995 నుంచి ఐరోపా సమాఖ్య సభ్యత్వం ఉన్నాయి. అందుకే "తటస్థత" అన్న మాట 2024కి చాలా ముందే అరిగిపోయింది. తమది "సైనిక కూటముల్లో లేని" విధానమని వాళ్ళే అనేవాళ్ళు.

నష్టం ఎక్కడంటే: వెయ్యి మందిని దూరదేశంలో ఆరునెలలు నిలబెట్టడానికి కావాల్సిన సరఫరా వేరు, కొన్ని వేలమంది ఉండే బ్రిగేడ్‌ని సొంత గడ్డపై నెలలపాటు పోరాడించడానికి కావాల్సిన సరఫరా వేరు. మందుగుండు నిల్వలు, వంతెనలు వేసే దళం, వాయు రక్షణ, దూరశ్రేణి ఫిరంగులు. ఇవన్నీ మజార్‌లో అక్కర్లేదు. అక్కర్లేనివి ఎండిపోయాయి.

బాల్టిక్‌గాలి #7

ఇక గోట్లాండ్. ఈ ద్వీపం అర్థమైతే మిగతాదంతా అర్థమవుతుంది.

విస్తీర్ణం సుమారు 3,100 చదరపు కిలోమీటర్లు. స్వీడన్ ప్రధాన భూభాగానికి దాదాపు 90 కిలోమీటర్లు, రష్యా కలినిన్‌గ్రాద్‌కి సుమారు 300. బాల్టిక్ సముద్రం నడిమధ్యలో ఉంది. అక్కడ ఎవరైనా దూరశ్రేణి వాయు రక్షణ క్షిపణులు, నౌకా విధ్వంసక క్షిపణులు దించితే ఎస్తోనియా, లాత్వియా, లిథువేనియాలకు సముద్రం మీదుగా, ఆకాశం మీదుగా సాయం వెళ్ళడం చాలా కష్టమవుతుంది. 2005 నుంచి అక్కడ స్థిరమైన దళం లేకుండా పోయింది, స్థానిక రక్షణ స్వచ్ఛంద దళం తప్ప. తర్వాత 14 ట్యాంకులు తెచ్చి గోదాములో పెట్టారు, వాటికి అక్కడ సిబ్బంది లేరు. యుద్ధం వస్తే సిబ్బంది సముద్రం దాటి రావాలి.

2013 మార్చి 29 రాత్రి రెండు రష్యా టీయూ-22ఎం3 బాంబర్లు, నాలుగు ఎస్‌యూ-27లు ఆ చుట్టుపక్కల దాడి సాధన చేసి తిరిగి వెళ్ళాయి. అది ఈస్టర్ సెలవు వారం. స్వీడన్ నుంచి ఒక్క విమానమూ లేవలేదు. లిథువేనియాలో నాటో కాపలా కాస్తున్న డెన్మార్క్ ఎఫ్-16లు లేచాయి. 2014లో రష్యా క్రిమియాను ఆక్రమించింది, అదే ఏడాది అక్టోబరులో స్టాక్‌హోమ్ ద్వీపాల మధ్య జలాంతర్గామి కోసం వేట. ఆ తర్వాతే దిశ మారింది. 2016 సెప్టెంబరులో గోట్లాండ్‌లో శిక్షణలో ఉన్న 150 మందిని అక్కడే ఉండిపొమ్మన్నారు. అదే ఏడాది లారీ మీది నౌకా విధ్వంసక క్షిపణుల్ని మళ్ళీ వాడుకలోకి తెచ్చారు. 2018 జనవరి 1న పీ18 రెజిమెంట్ తిరిగి పుట్టింది.

ఒక దళాన్ని 13 ఏళ్ళు లేకుండా చేసి మళ్ళీ పెడితే, పేరు అదే ఉంటుంది కానీ మిగతాదంతా కొత్తగా కట్టాలి. గ్యారేజీలు, మందుగుండు గదులు, వైద్యశాల, వంటశాల, సైనికుల కుటుంబాలకు ఇళ్ళు, పిల్లలకు బడులు. సిమెంటు, ఇసుక, మేస్త్రీలు సముద్రం దాటి రావాలి.

కొత్తచూపు #8

"స్వీడన్ ఒక వారం మాత్రమే పోరాడగలదు" అని వాళ్ళ సర్వసేనానే అన్నాడని చదివాను. నిజమేనా?

పటాలపుస్తకం #9

ఆ మాట బాగా వంకర తిరిగింది, సరిచేస్తాను. 2013 కొత్త సంవత్సరం సమయంలో అప్పటి సర్వసేనాని స్వెర్కెర్ యొరాన్‌సన్ చెప్పింది: పరిమితమైన లక్ష్యంతో ఒకే చోట దాడి జరిగితే సుమారు ఒక వారం సొంతంగా ఆపగలం. అంటే "దేశం మొత్తాన్ని వారం" కాదు. దేశంలో ఒక చోటును వారం. ప్రచారమైన దానికన్నా అసలు మాట ఇంకా గడ్డు పరిస్థితిని చెబుతోంది. అందుకే దాన్ని కచ్చితంగా గుర్తుపెట్టుకోవాలి.

లెక్కలగది #10

నిర్బంధ సేవ గురించి వివరంగా. చాలామంది "మళ్ళీ మొదలుపెట్టారు" అని వదిలేస్తారు, మెలికంతా అక్కడే ఉంది.

2010 జూలై 1న ఆపారు. పూర్తికాలం, పాక్షికకాలం అని రెండు రకాల జీతపు సైనికుల పద్ధతి తెచ్చారు. పూర్తికాలం వాళ్ళు అనుకున్న ఏళ్ళు ఉండకుండా వెళ్ళిపోయారు. పాక్షికకాలం ఖాళీలు నిండనే లేదు. బయట ఉద్యోగం ఉన్న 25 ఏళ్ళవాడు ఏటా కొన్ని వారాలు సెలవు పెట్టి రావాలంటే అతని యజమాని, ఇంటి పరిస్థితి, జీతం అన్నీ ఒప్పుకోవాలి.

2017 మార్చి 2న ప్రభుత్వం మళ్ళీ నిర్బంధాన్ని ప్రకటించింది, 2018 జనవరి నుంచి అమలు. ఈసారి ఆడ, మగ ఇద్దరికీ. మొదటి ఏడాది 1999లో పుట్టినవాళ్ళలో సుమారు 13,000 మందిని పరీక్షకి పిలిచి 4,000 మందిని తీసుకున్నారు. ఇప్పుడు సాగే వరస ఇది. 18వ ఏట ప్రతి పౌరుడికీ ఒక ప్రశ్నావళి వస్తుంది. ఆరోగ్యం, చదువు, వ్యాయామం, ఆసక్తి గురించి జవాబివ్వడం చట్టరీత్యా తప్పనిసరి. వాటిని వడపోసి కొందరిని పరీక్షకి పిలుస్తారు. అక్కడ తెలివి పరీక్ష, చూపు, వినికిడి, గుండె ఈసీజీ, కండబలం, సైకిల్ మీద ఓర్పు పరీక్ష, మనస్తత్వ నిపుణుడితో మాట్లాడటం. నెగ్గినవాళ్ళలో అవసరమైనంతమందినే తీసుకుంటారు. సేవ 9 నుంచి 15 నెలలు. దళనాయకులయ్యే వాళ్ళకి ఎక్కువ కాలం. ఏటా తీసుకునే సంఖ్యను 8,000 దాటించి, 2030కి 10,000కి, 2032కి 12,000కి చేర్చాలన్నది లక్ష్యం.

సరే, 4,000 నుంచి 12,000కి పోవడానికి ఇంతకాలం ఎందుకు? కుర్రాళ్ళు లక్షకు పైనే ఉన్నారు కదా? కారణం శిక్షకులు. ఒక అధికారి తయారవడానికి మూడేళ్ళ చదువు, ఆ తర్వాత దళంలో ఏళ్ళ అనుభవం కావాలి. 2004 తర్వాత వెళ్ళిపోయిన తరం ఇప్పుడు 40, 50 ఏళ్ళ వయసులో ఉండి శిక్షణ ఇవ్వాల్సింది. ఆ వరస ఖాళీ. విత్తనపు గింజలు వండుకు తినేశాక పొలం దున్నినట్టు అయింది. ఉన్న కొద్దిమంది అనుభవజ్ఞుల్నే కొత్త రెజిమెంట్లకు, విదేశీ దళాలకు, నాటో ప్రధాన కార్యాలయాలకు, ఉక్రెయిన్ సైనికుల శిక్షణకు పంచాలి. ఫాలున్, సోలెఫ్టియో, అర్విడ్స్‌యౌర్, క్రిస్టీన్‌హామ్ లాంటి ఊళ్ళలో 2020 నిర్ణయం ప్రకారం మళ్ళీ రెజిమెంట్లు తెరిచారు. ఒక్కో కొత్త రెజిమెంటూ ముందు పాతదాని నుంచి నాలుగో వంతు అధికారుల్ని లాక్కుంటే, పాతదాని శిక్షణే కుంటుపడుతుంది. అందుకే మెట్టు మెట్టుగా పోతున్నారు. నెమ్మదని విమర్శించేవాళ్ళు ఈ మెట్టును లెక్కలో వేసుకోవాలి.

రన్‌వే_17 #11

"నాలుగో వంతు" అన్నది ఉదాహరణ లెక్క అని స్పష్టం చేయండి మాస్టారూ, లేకపోతే ఎవరో అదే అసలు అంకె అని పట్టుకుపోతారు.

లెక్కలగది #12

నిజమే, ఉదాహరణకే అన్నాను. సూత్రం చెప్పడానికి మాత్రమే.

ఫిరంగిమోత #13

మనవాళ్ళకి బోఫోర్స్ పేరు చెబితే రాజకీయమే గుర్తొస్తుంది. ఇక్కడ సాంకేతికం మాట్లాడుకుందాం, స్వీడన్ సైన్యం మారిన తీరు ఆ ఫిరంగిలోనే కనిపిస్తుంది.

1986లో భారత్ కొన్న 410 ఎఫ్‌హెచ్-77బి హావిట్జర్లు, 155 మి.మీ. అవి లారీ లాగుకొచ్చే ఫిరంగులు. సొంత చిన్న ఇంజిన్‌తో చోటు మారగలవు. మూడు గుళ్ళు సుమారు 13 సెకన్లలో వదలగలవు. 1999 కార్గిల్‌లో వాటి పని అందరికీ తెలుసు. అదే ఫిరంగి వంశంలో పుట్టింది ఆర్చర్. గొట్టం పొడవు 39 కాలిబర్ల (అంటే గొట్టం లోపలి వెడల్పుకి 39 రెట్లు) నుంచి 52కి పెరిగింది. దాన్ని వోల్వో గనుల లారీ మీద ఎక్కించారు. గుళ్ళు నింపడం పూర్తిగా యంత్రమే చేస్తుంది, పెట్టెలో 21 గుళ్ళు. ముగ్గురు నలుగురు సిబ్బంది కవచమున్న క్యాబిన్ లోంచి బయటికి దిగకుండానే కాలుస్తారు. ఆగిన అర నిమిషం లోపే మొదటి గుండు, పని ముగిసిన అర నిమిషం లోపే కదలిక.

ఈ వేగం ఎందుకంటే, శత్రువు రాడార్ గుండు దారిని చూసి అది బయలుదేరిన చోటును నిమిషాల్లో లెక్కగడుతుంది. లాగుడు ఫిరంగి సిబ్బంది అప్పటికి ఇంకా చక్రాలు తగిలించుకుంటూ ఉంటారు. ఉక్రెయిన్‌లో డ్రోన్లు వచ్చాక ఆ గడువు ఇంకా కుదించుకుపోయింది.

లోటు కూడా చెప్పాలి. యంత్రం ఎంత ఎక్కువైతే ఆగిపోయే చోట్లు అంత ఎక్కువ. గుళ్ళ పెట్టెలో ఒక సెన్సర్ మొండికేస్తే ఆరుగురు చేతులతో నింపి నెట్టుకొచ్చే పాత సౌలభ్యం ఇక్కడ లేదు. విడిభాగాలు, శిక్షణ పొందిన మెకానిక్ దగ్గర్లో ఉండాలి. స్వీడన్ తనకున్న కొద్ది ఆర్చర్లలోనే 8 ఉక్రెయిన్‌కి ఇచ్చింది, 2025 మార్చిలో మరో 18 ప్రకటించింది. సీవీ90 పోరాట వాహనాలు 50, స్ట్రీడ్స్‌వాగ్న్ 122 ట్యాంకులు సుమారు 10 కూడా ఇచ్చింది, ఆకాశ నిఘా విమానాలు రెండు ఇస్తామని ప్రకటించింది. ఇచ్చినవాటికి బదులు కర్మాగారం నుంచి రావడానికి పట్టే కాలంలో సొంత బ్రిగేడ్లలో ఖాళీ ఉంటుంది. తెలిసే ఆ ఖాళీని ఒప్పుకున్నారు. ఆ ఆయుధాలు ఎవరిని ఆపడానికి చేశారో ఉక్రెయిన్‌లో ఆపుతున్నది వాళ్ళనే కాబట్టి ఆ నిర్ణయం సరైనదని నా అభిప్రాయం.

రైలుకట్ట #14

అందరూ ఆయుధాల గురించే రాస్తున్నారు. నాటోలో స్వీడన్‌కి వచ్చిన అతిపెద్ద కొత్త పని దారి ఇవ్వడం. పటం తీసి చూడండి. ఫిన్లాండ్‌కి భారీ సాయం వెళ్ళాలంటే బాల్టిక్ సముద్రం ప్రమాదకరమైతే మిగిలేది పడమటి వైపే. నార్వే రేవులు లేదా గోథెన్‌బర్గ్‌లో దించి, స్వీడన్ మీదుగా తూర్పుకి, ఉత్తరానికి పోవాలి.

ఇక్కడ ఆగే చోట్లు ఇవీ. స్వీడన్ పట్టాల వెడల్పు 1,435 మి.మీ., ఫిన్లాండ్‌ది 1,524. హపరండా–తోర్నియో సరిహద్దు దగ్గర సరుకు ఒక రైలు నుంచి ఇంకో రైలుకి మార్చాలి. ట్యాంకులైతే ర్యాంపులు, బలమైన వేదికలు, క్రేన్లు కావాలి. ఒక స్ట్రీడ్స్‌వాగ్న్ 122 బరువు 62 టన్నుల దగ్గర. దారిలోని ప్రతి వంతెనా ఆ బరువు మోయగలదా అన్నది ఒక్కోదానికీ విడిగా చూడాలి. ఉత్తరాన ఎక్కువ భాగం ఒంటి పట్టా. 2023 డిసెంబరులో కిరునా వైపు ఇనుప ఖనిజం మోసే మార్గంలో రైలు పట్టాలు తప్పితే దాదాపు రెండు నెలలు ఆ దారి మూసుకుపోయింది. శాంతికాలంలో, ఒక్క ప్రమాదంతో.

ఒకప్పుడు స్వీడన్ సైనికాధికారి తన దేశపు వంతెనల్ని ఎలా పేల్చాలో నేర్చుకునేవాడు. రాతి కింద మందుగుండు గూళ్ళు ముందే కట్టి ఉండేవి. ఇప్పుడు అదే వంతెనల్ని ఇతర దేశాల దళాల కోసం ఎలా నిలబెట్టి ఉంచాలన్నది పాఠం.

నీటికిందిమాట #15

నౌకాదళానికి వచ్చిన మార్పు ఇంకోరకం. వాళ్ళ జలాంతర్గాములు తీరం దగ్గర, లోతు తక్కువ నీటిలో పొంచి ఉండటానికి పుట్టినవి. గోట్లాండ్ రకం స్టిర్లింగ్ ఇంజిన్‌తో గాలి అవసరం లేకుండా వారాలపాటు నీటి కింద ఉండగలదు. 2005 నుంచి 2007 దాకా అమెరికా దాన్ని శాన్ డియేగోకి అద్దెకి తెచ్చుకుని మరీ సాధన చేసింది. విస్బీ రకం కార్వెట్లు ఐదు ఉన్నాయి. కర్బన పీచుతో చేసిన 73 మీటర్ల ఓడలు, రాడార్‌కి సరిగా చిక్కవు. కానీ వాటికి ఇంతకాలం విమాన విధ్వంసక క్షిపణులే లేవు. సొంత తీరంలో వైమానిక దళం నీడలో ఉన్నంతవరకు నడిచింది. ఇప్పుడు సముద్రం నడిమధ్య మిత్రదేశాల ఓడల్ని కాయమంటే నడవదు. అందుకే సీ సెప్టర్ క్షిపణులు అమరుస్తున్నారు, పెద్ద ఓడలు కూడా కొంటున్నారు. కొత్త ఏ26 జలాంతర్గాములు 2015లో ఆర్డర్ ఇచ్చినవి, మొదటిది 2031కి వాయిదా పడింది. మధ్యలో దశాబ్దాలపాటు కొత్త జలాంతర్గామి కట్టని గోదీలో వెల్డర్ నుంచి ఇంజనీర్ దాకా పనితనం మళ్ళీ నేర్చుకోవాల్సి రావడమే ప్రధాన కారణం.

ఇక సముద్రం అడుగు కేబుళ్ళు. 2024 నవంబరులో రెండు తెగాయి. అనుమానం వచ్చిన చైనా ఓడ యీ పెంగ్ 3 డెన్మార్క్, స్వీడన్ మధ్య కట్టెగాట్‌లో వారాలపాటు లంగరేసి నిలబడింది. చుట్టూ యుద్ధనౌకలున్నా తమంతట తాముగా ఎక్కి తనిఖీ చేయలేకపోయారు. ప్రాదేశిక జలాల అవతల ఓడ మీద అధికారం దాని జెండా దేశానిదే. తుపాకీతో తీరని చిక్కు అది. 2025 జనవరిలో నాటో బాల్టిక్ కాపలా మొదలుపెట్టినప్పుడు స్వీడన్ మూడు ఓడల దాకా ఇస్తామంది. అదే నెలలో గోట్లాండ్–లాత్వియా కేబుల్ తెగితే వెజెన్ అనే ఓడను పట్టుకున్నారు, దర్యాప్తులో విద్రోహం కాదని తేలి వదిలేశారు. లంగరు జారడం, చెడు వాతావరణం, నిర్వహణ లోపం కూడా కేబుల్ తెంచుతాయి. ప్రతి తెగుడునీ రష్యాకి అంటగడితే దర్యాప్తు చేసేవాళ్ళ పని చెడుతుంది.

దూరదేశాలదళం #16

ఒక చేర్పు. 2025 జనవరిలో స్వీడన్ యాంత్రిక బెటాలియన్ ఒకటి, సుమారు 550 మంది, లాత్వియాలో కెనడా నాయకత్వంలోని బ్రిగేడ్‌లో చేరింది. మజార్‌కి వెళ్ళిన దళానికీ దీనికీ తేడా: అక్కడ గస్తీ, ఇక్కడ పూర్తి పోరాట సరంజామా. సీవీ90లు, మందుగుండు, మరమ్మతు లారీలు, వంతెన సామగ్రి అన్నీ సముద్రం దాటాలి. ఇదే దళం సొంత బ్రిగేడ్‌లో భాగం కూడా. అక్కడున్నన్నాళ్ళు ఇక్కడ నిర్బంధ సేవకుల శిక్షణకి ఆ అధికారులు ఉండరు. లెక్కలగది గారు చెప్పిన శిక్షకుల కొరత ఇక్కడికే వచ్చి తగులుతుంది.

డబ్బు అడ్డం కాదిప్పుడు. 2030కి జాతీయోత్పత్తిలో 3.5 శాతం లక్ష్యం, అందుకు 30,000 కోట్ల క్రోనర్ల దాకా అప్పు తెచ్చేందుకు 2025లో పార్టీలన్నీ ఒప్పుకున్నాయి. మనుషులూ, కాలమూ మాత్రం అప్పుకి దొరకవు.

స్టాక్‌హోమ్_తెలుగు #17

ఇక్కడ ఐటీ ఉద్యోగాల్లో ఉన్న మన తెలుగువాళ్ళు చాలామంది అడుగుతున్నది: భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకి ఈ సంపూర్ణ రక్షణ బాధ్యత వర్తిస్తుందా? పిల్లలకి?

పటాలపుస్తకం #18

వర్తిస్తుంది, కానీ భాగాలు విడదీసి చూడాలండి.

చట్టం ప్రకారం 16 ఏళ్ళు నిండే సంవత్సరం నుంచి 70 నిండే సంవత్సరం చివరిదాకా సంపూర్ణ రక్షణ బాధ్యత ఉంటుంది. స్వీడన్ పౌరులకే కాదు, అక్కడ నివాసం ఉన్న విదేశీయులకీ ఉంటుంది. దానిలో మూడు రకాలు. సైనిక సేవ పౌరులకి మాత్రమే. పౌర సేవ, అంటే అగ్నిమాపక, విద్యుత్తు లాంటి పనులకి ముందే శిక్షణ ఇచ్చి కేటాయించడం, 2024 జనవరిలో మళ్ళీ మొదలుపెట్టారు. మూడోది సాధారణ సేవ. ప్రభుత్వం హెచ్చు సంసిద్ధత ప్రకటించినప్పుడు మీరు ఇప్పుడు చేసే ఉద్యోగమే కొనసాగించమనో, అవసరమైన వేరే పని చేయమనో చెప్పవచ్చు. భారత పాస్‌పోర్టుతో అక్కడ నివాసం ఉన్నవాళ్ళకి ముఖ్యంగా తగిలేది ఇదే. భారత్ ద్వంద్వ పౌరసత్వం ఒప్పుకోదు కాబట్టి స్వీడన్ పౌరసత్వం తీసుకున్న పిల్లలు పూర్తిగా స్వీడన్ పౌరులే, ఓసీఐ కార్డు ఉన్నా సరే. 18వ ఏట ప్రశ్నావళి వాళ్ళకీ వస్తుంది, ఆడపిల్లలకీ వస్తుంది. జవాబివ్వకుండా పక్కన పెట్టకూడదు.

ఇంట్లో ఉంచుకోవాల్సినవి: స్వీడన్ ప్రభుత్వం ప్రతి ఇంటికీ పంపిన పుస్తకంలో కనీసం ఒక వారం సొంతంగా గడిపేలా అన్నారు. మనిషికి రోజుకి 3 లీటర్ల నీళ్ళు, అంటే నలుగురికి వారానికి 84 లీటర్లు. కరెంటు లేకుండా వండుకోగల తిండి. మన ఇళ్ళలో బియ్యం, పప్పు ఎలాగూ ఉంటాయి, కానీ అవి ఉడకడానికి నీళ్ళు, మంట రెండూ కావాలి. చిన్న గ్యాస్ స్టవ్, దానికి సరిపడా డబ్బాలు చూసుకోండి, అటుకులు లాంటివి మరీ మేలు. బ్యాటరీ రేడియో, నోట్ల రూపంలో కొంత డబ్బు, వాడే మందులు.

ఆశ్రయ గదులు దేశమంతా సుమారు 64,000 ఉన్నాయి, 70 లక్షల మందికి చోటు. నారింజ రంగు చదరంలో నీలి త్రిభుజం దాని గుర్తు. మీ భవనంలో లేకపోతే దగ్గర్లో ఎక్కడికైనా వెళ్ళవచ్చు, ఎవరికీ ఫలానాది అని కేటాయించరు. మామూలు రోజుల్లో అవి సైకిళ్ళ గదులుగానో సామాను గదులుగానో ఉంటాయి. ఆదేశం వస్తే యజమాని రెండు రోజుల్లో ఖాళీ చేసి సిద్ధం చేయాలి. పెంపుడు జంతువుల్ని లోపలికి రానివ్వరు.

సైరన్లు కంగారు పెడతాయి కాబట్టి గుర్తుంచుకోండి. 7 సెకన్ల మోత, 14 సెకన్ల నిశ్శబ్దం: ముఖ్యమైన ప్రకటన. లోపలికి వెళ్ళి కిటికీలు మూసి స్వీడన్ రేడియో పీ4 పెట్టాలి. 30 సెకన్ల మోత, 15 సెకన్ల విరామం, మొత్తం ఐదు నిమిషాలు: యుద్ధ సంసిద్ధత. ఆపకుండా పొట్టి పొట్టి మోతలు ఒక నిమిషం: వైమానిక దాడి, వెంటనే ఆశ్రయ గదికి. మార్చి, జూన్, సెప్టెంబరు, డిసెంబరు నెలల్లో మొదటి సోమవారం మధ్యాహ్నం 3 గంటలకు మోగేది పరీక్ష మాత్రమే, ఆ రోజు సెలవైతే తర్వాతి సోమవారం. కొత్తగా వచ్చినవాళ్ళకి ఆ ముందు ఆదివారమే చెప్పి ఉంచండి.